టాలెమీ పేర్కొన్న పలూర : దంతపుర స్థలపరిశీలనము

క్రీ. శ. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున వసించిన గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు టాలెమీ మన తూర్పుతీరమున 'పలూర' యను పట్టణమును పేర్కొని, ప్రాక్సముద్రమును దాటు నావల ప్రయాణదూరమును అచ్చటినుండి లెక్కించినాడు. ఆ పలూర యెక్కడిది? కళింగుల సముద్రయానమునకు ద్వారమైన రేవు ఏదియో యను నిర్ణయ మీ ప్రశ్నపై నాధారపడియున్నది.

1925లో ఫ్రెంచి పండితుడు సిల్వేఁ లెవీ పలూరయే దంతపురమని ప్రతిపాదించెను. తెలుగువారు 'పల్లు', 'ఊరు' అను రెండు మాటలను కలిపి చూచుకొన్న చాలును. ఆయన యూహ బోధపడును. దంతపురము కల్పితనామము కాదు. దీర్ఘనికాయమందలి మహాగోవింద సుత్తము దానిని కళింగుల నగరముగా జెప్పుచున్నది. తొలి తూర్పు గాంగులలో ఇంద్రవర్మ జిర్జింగి తామ్రశాసనము దంతపురమునుండియే వెలువడినది. రోమను రచయిత ప్లినీ పేర్కొన్న 'దండగుడ'యు నిదియే యని కొందరి మతము.

బుద్ధుని దంతధాతువు ఇచ్చట నుండుటచే ఈ పేరు వచ్చెనని బౌద్ధుల ఐతిహ్యము. దంతకుమారుడును హేమమాలయు దానిని సింహళమునకు గొనిపోయిన కథను దాఠావంసము వర్ణించుచున్నది. అయితే మహాగోవింద సుత్తము దంతపురమును బుద్ధునికి పూర్వకాలపు కథలో నిలుపుచున్నది. కావున ధాతువువలన పేరు కలిగెనో, పేరునుబట్టి కథ పెరిగెనో విచారింపవలసియున్నది.

గ్రంథములు చెప్పిన దానిని స్థలముతో పోల్చి చూడగోరువారు వంశధార వెంట ఎగువకు పోవుట మేలు. నదీముఖమున కళింగపట్నము కలదు. ఆంగ్లేయుల కాలమున సైతము అది రేవుగా నుండెను. నదికి దక్షిణపు గట్టున, కొలది దూరమున, శాలిహుండము కొండ కలదు. 1919లో గిడుగు రామమూర్తిగారు ఈ బౌద్ధస్థలమును గుర్తించిరి. ఆర్. సుబ్రహ్మణ్యంగారి త్రవ్వకముల వివరణము 1964లో వెలువడెను. ఇటుక స్తూపములు, చైత్యగృహముల పునాదులు కొండపై నున్నవి. తారా, మారీచీ విగ్రహములు ఇచ్చట బౌద్ధము వజ్రయానదశ వరకును నిలిచెనని తెలుపుచున్నవి. కొండపైనుండి చూచినచో నదియు, దూరమున సముద్రమును కన్పట్టును. రేవు, నది, విహారము ఒకే జీవనములోని భాగములని అచ్చట నిలిచినవారికి వేరుగా జెప్పనక్కరలేదు.

నదివెంట ఇంకను ఎగువకు పోయిన, సరుబుజ్జిలి ప్రాంతమున దంతవరపుకోట కలదు. ఇది మట్టిగట్టులచే చుట్టబడిన పెద్ద కోట. పేరులోని సాదృశ్యమునుబట్టి దంతపురము నిచ్చట నిరూపించినవారు పలువురు. కాని టాలెమీ పలూర సముద్రతీర పట్టణము, దంతవరపుకోట లోతట్టునున్నది. ఒడిస్సాలోని గంజాం తీరమున 'పాలూరు' అను గ్రామము నేటికిని కలదు. అదియే పలూర యని కొందరి వాదము. పేరునుబట్టి చూచిన ఆ వాదమే బలవత్తరము. తామ్రశాసనమునుబట్టి చూచిన దంతపురము గాంగుల యేలుబడిలోని నగరమనుట మాత్రము నిశ్చయము. ఈ రెండు విషయములను ఒకటిగా గలుపుటయే పొరపాటునకు మూలము. దంతపురము దంతవరపుకోటయే యైనను, అది పలూర కాకపోవచ్చును.

నామసాదృశ్యము ప్రశ్నను లేవనెత్తును; తీర్పు చెప్పవలసినది భూమి. రాజధాని నదివెంట లోపల నుండి, దాని రేవు నదీముఖమున నుండుట అసంభవము కాదు. ఉభయస్థలముల మట్టిపొరలను, కుండపెంకులను వరుసగా పోల్చినగాని ఇది తేలదు. మట్టికోటకు శాసనము దాని గట్టే. ఆ గట్టును నాగలితో దున్నినను, మట్టికై తవ్వుకొనిపోయినను, తామ్రపత్రమును కరగించినట్లే యగును; పిమ్మట టాలెమీ గ్రంథమును ఎన్నిమార్లు చదివినను ఫలము లేదు. కావున కోటగట్టును కాపాడుట ఈ పరిశోధనలో మొదటి మెట్టు.