ఆయాసానికీ ఓ కొలత ఉంది

చుట్ట, బీడీ కాల్చేవాళ్లకే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందనుకుంటాం. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకీ వస్తుంది. “ఎలా ఉంది అత్తయ్యా?” అని అడిగితే, “బాగానే ఉందమ్మా” అంటారావిడ. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది మరి! ఆయాసానికి జడిసి ముందు మేడ ఎక్కడం మానేస్తారు. తరవాత గుడికి వెళ్లడం, ఆనక పెరట్లోకి వెళ్లడం కూడా. వయసు మీద పడిందిలే అని మనం సరిపెట్టుకుంటాం. కదలిక తగ్గేకొద్దీ కాళ్లలో సత్తువ పోయి, ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది.

గొట్టంలోకి ఊదించే పరీక్ష ఊపిరితిత్తుల సంగతి చెబుతుంది. మనిషి ఏపాటి తిరగగలదో తెలియాలంటే నడిపించి చూడాల్సిందే. బ్రిటన్‌లో డాక్టర్లు 1976లో ఇలాంటి రోగుల్ని 12 నిమిషాలు నడిపించి చూశారు. 6 నిమిషాలు చాలని 1982లో తేలింది.

పరీక్ష తేలికే. 30 మీటర్ల చదునైన వరండాలో అటూ ఇటూ నడవాలి. పరుగెత్తకూడదు. అలసిపోతే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. మొత్తం ఎన్ని మీటర్లు నడిచారో లెక్కిస్తారు. నాడి, రక్తంలో ఆక్సిజన్, ఆయాసం ఎంతుందో ముందూ వెనకా చూస్తారు. అలవాటు లేక మొదటిసారి తక్కువ నడుస్తారు గనక, కాసేపాగి రెండోసారీ నడిపించి, ఎక్కువ వచ్చినది రాసుకుంటారు. వైద్యం మొదలెట్టాక సుమారు 30 మీటర్లు పెరిగితే గుణం కనిపించినట్టే.

అంత చోటు లేకపోతే కుర్చీ ఉండనే ఉంది. గోడకి ఆనించిన కుర్చీలోంచి, చేతులు ఊనకుండా, ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. తరవాత చూసినప్పుడు 3 సార్లు ఎక్కువైనా మేలే.

తేలికగదా అని ఇంట్లో సొంతంగా చేయించకండి. నడుస్తుంటే ఆక్సిజన్ పడిపోవచ్చు. గుండెనొప్పి ఉన్నవాళ్లకి అసలే ప్రమాదం. పైగా రక్తం తక్కువైనా, మోకాళ్లు నొప్పులైనా నడక తగ్గుతుంది. ఆ తేడా డాక్టరుగారే చెప్పాలి.

మనం చెయ్యగలిగినది ఒకటుంది. పోయినేడు చేసుకున్న పనుల్లో ఈ ఏడు ఏవి మానేశారో గమనించి, ఆస్పత్రిలో ఆవిడ “బాగానే ఉంది” అన్నా, పక్కనున్న మీరు చెప్పండి. నడక పరీక్ష చెయ్యమని అడగండి. మందులతోపాటు తగిన వ్యాయామం నేర్పిస్తే పోయిన సత్తువ కొంతైనా తిరిగొస్తుంది. మళ్లీ గుడిదాకా వెళ్లి రాగలిగితే ఆవిడకి అదే పదివేలు.