గేరు బాక్సు విప్పే ముందు

జూన్, జూలై నెలల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఏ పల్లెకి పోయినా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "పదునైందా?" వాన పడ్డాక విత్తనం వెయ్యడానికి సరిపడా తేమ నేలలో ఉండడాన్ని మా వైపు పదును అంటారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేల కాబట్టి తొందరగా ఆరిపోతుంది. పదునైన మూడు నాలుగు రోజుల్లో చెనక్కాయ విత్తుకోకపోతే మళ్లీ వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే.

పాత ట్రాక్టర్లు కూడా ఆ రోజుల్లోనే మొరాయిస్తాయి. ఏడాదంతా ఖాళీ ట్రాలీ లాగిన బండికి కల్టివేటర్ కట్టి దున్నించేసరికి లోపల అరిగిందంతా బయటపడుతుంది. గేరు పడదు, పడినా ఎగిరిపోతుంది, లేదా లోపల గరగరమంటుంది. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు "గేరు బాక్సు పోయింది" అనేస్తారు. ఆ మాట నమ్మి బండి విప్పిస్తే పదును రోజులన్నీ షెడ్డులోనే గడిచిపోతాయి. అందుకే ఆ మాట నిజమో కాదో విప్పకుండానే ఎలా తెలుసుకోవచ్చో ఈ వ్యాసంలో చెప్తాను.

లోపల ఏముంది?

ఇంజను తిప్పే శక్తి మొదట ఫ్లైవీల్‌కి, అక్కణ్ణుంచి క్లచ్ ప్లేటుకి, తర్వాత గేరు బాక్సులోకి వెళ్తుంది. అక్కడ వేర్వేరు సైజుల పళ్ల చక్రాలు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. ఆ తర్వాత క్రౌన్, పినియన్ ఆ తిరుగుడును పక్కకి మళ్లిస్తాయి. డిఫరెన్షియల్ దాన్ని రెండు వెనక చక్రాలకీ పంచుతుంది.

కారుకీ ట్రాక్టరుకీ ఒక పెద్ద తేడా ఉంది. చాలా ట్రాక్టర్లకి విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, గేరు బాక్సు, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. బండికి వెన్నెముక అదే. అందుకే వాటిలో క్లచ్ ప్లేటు మార్చాలన్నా బండిని మధ్యకి రెండు ముక్కలుగా విడదియ్యాలి. ఒక్కోసారి పార్టు ధర కన్నా విప్పి బిగించే కూలే ఎక్కువవుతుంది.

మొదట బయట చూడాల్సినవి

మొదటిది క్లచ్ పెడల్. కాలితో నొక్కితే మొదట కొంచెం దూరం వదులుగా కదలాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. దీన్నే ఫ్రీ ప్లే అంటారు. చాలా మోడళ్లలో ఇది సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. ఇది మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడిపోదు, గేరు వేసినప్పుడల్లా పళ్లు ఒరుసుకుంటాయి. మరీ తక్కువైతే క్లచ్ జారుతుంది: ఇంజను శబ్దం పెరుగుతుంది కానీ బండి ముందుకు కదలదు. రెండు సందర్భాల్లోనూ జనం గేరు బాక్సునే తిడతారు. చాలాసార్లు ఒక రాడ్డు సరిచేసి నట్టు బిగిస్తే సరిపోతుంది.

రెండోది ఆయిల్. చాలా మోడళ్లలో గేర్లకీ, వెనక హౌసింగ్‌కీ, హైడ్రాలిక్ లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్. కాబట్టి గేరు శబ్దంతో పాటు లిఫ్ట్ కూడా కల్టివేటర్‌ని నెమ్మదిగా ఎత్తుతుంటే ముందు ఆయిల్ మట్టం చూడాలి. బండిని చదునైన చోట నిలిపి పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. గేరు రాడ్డు కింద ఉండే రబ్బరు తొడుగు చిరిగి, బండి వానలో ఆరుబయట నిలబడితే అలా జరుగుతుంది.

కింద డ్రెయిన్ బోల్టు విప్పి కొంచెం ఆయిల్ గిన్నెలోకి పట్టి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. మా సీఎస్‌ఈ వాళ్లకి లాగ్ ఫైల్ ఎలాగో మేస్త్రీకి పాత ఆయిల్ అలాగ. బూడిద రంగు మెత్తటి పొడి మామూలు అరుగుదల. మెరిసే రేకులు వస్తే బేరింగు ఊడిపోతోందని అర్థం. గోరంత ముక్కలు వస్తే గేరు పన్ను విరిగింది, ఇక బండి నడపకూడదు. ఇత్తడి రంగు రజను వస్తే బుష్షులో, వాషర్లో అరుగుతున్నాయి.

శబ్దంతో వెతకడం

ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. క్లాసులో బైనరీ సెర్చ్ అని నేర్చుకున్నాం: ప్రతి ప్రశ్నకీ సగం జాగా కొట్టేస్తూ పోవాలి. మేస్త్రీలు ఆ పేరు వినకుండానే అదే పని చేస్తారు.

బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టండి. పెడల్ నొక్కకుండా వినండి. శబ్దం ఉండి, పెడల్ నొక్కగానే ఆగిపోతే తప్పు గేరు బాక్సు ముందు షాఫ్టు బేరింగుల్లో ఉండొచ్చు. అలా కాకుండా పెడల్ నొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. ఒక్క గేరులోనే శబ్దం వస్తే ఆ గేరు పళ్లు. ఏ గేరులో ఉన్నా బండి వేగంతో పాటు శబ్దం పెరిగితే వెనక హౌసింగ్. మలుపు తిరిగినప్పుడు మాత్రమే వస్తే డిఫరెన్షియల్. ఐదు నిమిషాల్లో, ఒక్క స్పానర్ పట్టకుండా, ఎక్కడ వెతకాలో తేలిపోతుంది.

పోయిన ఏడాది పెనుకొండ దగ్గర మా చిన్నాయన ట్రాక్టరు రెండో గేరులో ఎగిరిపోవడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో మొత్తం బాక్సు మార్చాలన్నారు. చిన్నాయన ధర్మవరం నుంచి ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాడు. ఆయన ఆయిల్ చూశాడు, శుభ్రంగానే ఉంది. బండి నడిపి శబ్దం విన్నాడు, తేడా లేదు. "పళ్లు బాగుండాయి సామీ, పట్టు పోయింది" అన్నాడు. సీటు ముందు ఉండే పైమూత ఒక్కటే తీశాడు. గేరుని దాని చోట పట్టి ఉంచేది ఒక చిన్న స్ప్రింగు, దాని కింద ఒక గుండు. స్ప్రింగు మెత్తబడింది. గేరుని జరిపే ఫోర్కు బోల్టు కూడా వదులైంది. స్ప్రింగు, గుండు మార్చి బోల్టు బిగించి తీగ చుట్టాడు. సాయంత్రానికి బండి చేనులో ఉంది.

విప్పక తప్పకపోతే

పళ్లు విరిగినా, బేరింగు పోయినా విప్పాల్సిందే. అప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

బ్యాటరీ వైరు తీసెయ్యాలి. ముందు ఆక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంటుంది కాబట్టి, బండిని విడదీశాక ఇంజను ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకే ఆక్సిల్‌కీ బండికీ మధ్య రెండు వైపులా గట్టి చెక్క చీలలు కొట్టాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకూడదు. బరువు స్టాండ్ల మీదో, మందమైన చెక్క దిమ్మెల మీదో ఉండాలి.

తీసిన ప్రతి షిమ్ముని, అంటే పలుచటి రేకు వాషర్‌ని, ఏ పక్కది ఆ పక్కకి విడిగా పెట్టుకోవాలి. గేర్ల మధ్య సందు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి, ఒకటి పోతే రెండూ మార్చాలి. పన్ను విరిగిన గేరుకి వెల్డింగ్ పెట్టిస్తే కొన్నాళ్లు నడవచ్చు, కానీ ఆ ముక్క మళ్లీ ఊడితే పక్క గేర్లని కూడా తినేస్తుంది.

ముఖ్యంగా, బండి ఒకసారి విడిపోయాక చవక వస్తువుల దగ్గర పొదుపు చెయ్యొద్దు. ఆయిల్ సీళ్లు, ప్యాకింగులు, రిలీజ్ బేరింగు అప్పుడే మార్చేసుకోవాలి. క్లచ్ ప్లేటు సగానికి పైగా అరిగుంటే అదీ మార్చాలి. ఆర్నెల్ల తర్వాత ఒక సీలు కారితే మళ్లీ అదే కూలి, అవే రోజులు పోతాయి.

ఎప్పుడు చేయించాలి?

దీనికి సరైన కాలం వేసవి. చెనక్కాయ పీకి, కొట్టి, ట్రాలీ పని అయిపోయాక ఫిబ్రవరి నుంచి మే వరకు షెడ్డుల్లో రద్దీ తక్కువ. అప్పుడు ఆయిల్ చూసి, శబ్దం విని, పెడల్ కొలిస్తే జూన్ కల్లా బండి సిద్ధం. నేర్చుకోవాలనుకునేవాళ్లకి అనంతపురం నుంచి గుత్తి దారిలో గార్లదిన్నె దగ్గర కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకి కూడా శిక్షణ ఇస్తారు.

కొత్త ట్రాక్టరు అంటే లక్షల అప్పు. వాన మీద బతికే సేద్యంలో వాన రాకపోయినా కంతు ఆగదు. అందుకే మా వైపు పాత బండిని ఇంకో నాలుగేళ్లు నడిపించగల మేస్త్రీకి అంత విలువ. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లో ట్రాక్టరు ఉంటే ఒకసారి న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ నొక్కి, వదిలి వినండి. ఏం వినిపించిందో ఇంట్లో చెప్పండి. పదునుకి ముందే తెలిస్తే అది చిన్న రిపేరు.