రెండు ప్లైవుడ్ షీట్ల పడవ

వానాకాలంలో పడమటి గాలి హుస్సేన్ సాగర్ మీదుగా ట్యాంక్‌బండ్‌ను బలంగా తాకుతుంది. కట్ట దిగువన పల్లంలో ఉన్న అశోక్ నగర్, చిక్కడపల్లి వాళ్ళకు ఆ రోజుల్లో చెరువంటే ముందు గుర్తొచ్చేది పొంగే నాలాయే. చెరువు మీద మాత్రం పిల్లలు ఆ గాలి కోసమే ఎదురుచూస్తారు. వాళ్ళ పడవ పేరు ఆప్టిమిస్ట్. మొండి ముక్కు, పొట్టి మాస్టు, ఒకే తెరచాప. నడిపేదీ ఒక్కరే.

ఇది 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో పుట్టింది. అక్కడి ఆప్టిమిస్ట్ క్లబ్ పిల్లలకు చక్రాల బండ్ల పందేలు పెట్టేది. అలాంటి పందెమే నీళ్ళ మీదా పెడదామన్నాడు క్లిఫర్డ్ మెకే. ఖర్చు 50 డాలర్లు దాటకూడదు. పడవలు కట్టే క్లార్క్ మిల్స్ 8 అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండింటితో పని కానిచ్చాడు. ముక్కు కొసదేరేలా చెయ్యాలంటే ఆ పొడవు చాలదు, అందుకే ముందు భాగాన్ని అడ్డంగా మూసేశాడు.

తెరచాప పై మూలను స్ప్రిట్ అనే ఏటవాలు కర్ర ఎత్తి పట్టుకుంటుంది. దాని తాడు వదులైతే మాస్టు పైకొస నుంచి వెనక కింది మూల దాకా గుడ్డ మీద ముడత పడుతుంది. మరీ బిగిస్తే ముడత మిగతా రెండు మూలల మధ్యకు మారుతుంది. పదేళ్ళ పిల్ల కూడా ఆ ముడతను చూసి గాలికి తగ్గట్టు తాడు సవరించుకుంటుంది.

1950లలో ఏక్సెల్ డామ్‌గార్డ్ ఈ పడవను డెన్మార్క్‌కు తీసుకెళ్ళాడు. ఒకే కొలతల పడవలతో పోటీ పడడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యాట్ క్లబ్ పెట్టిన డిజైన్ పోటీ కోసం నార్వే దేశస్థుడు యోహాన్ ఆంకర్ 1929లోనే డ్రాగన్ పడవను గీశాడు. పొడవు 8.9 మీటర్లు, బరువు 1,700 కిలోలు. అందులో సగానికి పైగా అడుగున కీల్‌లోనే ఉంటుంది. గాలి పడవను ఒరగదోస్తే ఆ బరువే నిలబెడుతుంది. ఒలింపిక్స్‌లో 1948 నుంచి 1972 దాకా డ్రాగన్ పోటీలు జరిగాయి.

ఆప్టిమిస్ట్‌కు అలాంటి బరువు లేదు. కిందికి దించే పలక పడవను పక్కకు జారిపోకుండా ఆపుతుంది, అంతే. తలకిందులు కాకుండా కాపాడాల్సింది పిల్లవాడి ఒళ్ళే: కాళ్ళు పట్టీల కింద బిగించి, నడుము నీళ్ళ మీదికి వాల్చాలి. పడవ పొట్ట 35 కిలోలే మరి!

1960లో పడవ కొలతలకు ప్రమాణాలు స్థిరపడ్డాయి. నా దృష్టిలో ఈ పడవ రెండో పుట్టుక అదే. మిల్స్ ఆకారం ఇచ్చాడు, ఆ ప్రమాణాలు న్యాయం ఇచ్చాయి. కొలతలు ఒకటే అయ్యాక పడవ మీద నెపం వేయడం కుదరదు, గెలుపోటములు పిల్లల నేర్పుకే దక్కుతాయి.

ఇప్పుడు పడవ పొట్ట ఫైబర్‌గ్లాసుది. 50 డాలర్ల మాట పాతబడింది, మామూలు ఇంట్లో కొనుక్కునేది కాదు. అందుకే 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట్లు ముఖ్యం. అక్కడ పడవ క్లబ్బుది, తెరచాప క్లబ్బుది. బస్తీల నుంచి వచ్చే పిల్లలు కూడా పదిహేనేళ్ళ వయసు దాకా ఈ తరగతిలో పోటీ పడొచ్చు. మెకే కోరుకున్నది ఆ పిల్లల్నే.