4096 మెట్లు దేని మీద నిలబడ్డాయి?

ఇంజినీరింగ్ ల్యాబులో డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చే సర్క్యూట్) అనగానే ముందు చేయించేది ఆర్-2ఆర్ నిచ్చెన: ఒక 741 ఆప్‌యాంప్, 4 బిట్లు, 16 మెట్లు. కొత్తగూడ నుంచి వరంగల్ వచ్చి ఈసీఈ చదివే పిల్లలు ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి ఆర్డుయినో ఊనోకు ఎంసీపీ4725 అనే డీఏసీ చిప్ ఉన్న మాడ్యూల్ తగిలిస్తారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వైపు ఇలాంటివి వెతుక్కోవచ్చు. ఆ చిప్ తయారీదారు మైక్రోచిప్; 2023 జులైలో హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం తెరిచింది ఆ కంపెనీయే.

చిప్ 12 బిట్లది, అంటే 4096 మెట్లు. 5 వోల్టులను అన్ని భాగాలు చేస్తే మెట్టు 1.22 మిల్లీవోల్టులు. 8 బిట్ల డీఏసీ0808తో అదే మెట్టు 19.5 మిల్లీవోల్టులు పడుతుంది. ఈ తేడా చూసే చాలామంది మురిసిపోతారు.

అసలు సంగతి వేరే. ఎంసీపీ4725కు విడిగా రిఫరెన్స్ పిన్ లేదు, సప్లయ్ వోల్టేజే దాని కొలబద్ద. యూఎస్‌బీ కేబుల్లో పోయేది పోగా పిన్ దగ్గర 4.8 వోల్టులే మిగిలాయనుకోండి. 2048 పంపితే 2.5 రావాలి, వచ్చేది 2.4. తప్పు 100 మిల్లీవోల్టులు, అంటే 82 మెట్లు! సప్లయ్‌లో 20 మిల్లీవోల్టుల రిపుల్ ఉంటే అందులో సగం, 8 మెట్ల మేర, అవుట్‌పుట్‌లో ఊగుతూనే ఉంటుంది. ప్రోగ్రాములో ఎంత వెతికినా ఈ తప్పు దొరకదు.

కచ్చితత్వం కావాలంటే నా ఓటు ఎంసీపీ4821కే. అదీ 12 బిట్లదే, కానీ లోపలే 2.048 వోల్టుల రిఫరెన్స్ ఉంది. గెయిన్ 2 పెడితే పూర్తి స్థాయి 4.096, మెట్టు సరిగ్గా 1 మిల్లీవోల్టు. చిప్‌కూ చిప్‌కూ కొంచెం తేడా ఉంటుంది గనుక ఒకసారి కొలిచి సరిచేసుకోవాలి.

వేగం లెక్క కూడా చూడాలి. ఎంసీపీ4725 అవుట్‌పుట్ 6 మైక్రోసెకన్లలో కుదురుకుంటుంది, ఆలస్యమంతా ఐ2సీ తీగల మీదే. అడ్రసుతో కలిపి ఒక్కో విలువకు 3 బైట్లు, 27 క్లాకులు. 400 కిలోహెర్ట్జ్‌లో సెకనుకు 15 వేల విలువలు కూడా దాటవు. సీడీ పాటకు 44,100 కావాలి.

ఏ చిప్ వాడినా మోటారునో స్పీకరునో నేరుగా దానికి కలపకండి, మధ్యలో తగిన డ్రైవర్ ఉండాలి. చేతిలో ఉన్నది ఎంసీపీ4725 అయితే, పవర్ ఇవ్వగానే దాని సప్లయ్ పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ప్రోగ్రాములో 5.00 అని ఉన్నచోట మీటరు చూపిన అంకె రాయండి.