ఇంటిలోనే చాక్లెటు మిఠాయి

నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము చూచుటకు చిన్నది. రొట్టెలు కాల్చు పెట్టెలు, మిఠాయి యంత్రములు లేకుండ, ఇంటనున్న సామగ్రితోనే వేరుసెనగ గింజలను చాక్లెటుతో కలిపి పిల్లలకు మిఠాయి చేయు విధానమును చెప్పెదను. వంటింటి మాటలు పెద్దలతో ఏల యని మీకు తోచవచ్చును. పంట ఇల్లు చేరిన దినమున ఏ కాయలు అమ్మవలెనో, ఏవి విత్తనమునకు దాచవలెనో, ఏవి ఇంటి వాడుకకు మిగుల్చవలెనో నిర్ణయించువారు మీరే. ఈ మిఠాయి మంచిచెడ్డలు ఆ నిర్ణయమునందే యున్నవి. కావుననే మీతో మాటలాడుచున్నాను.

పెన్నానది చెంతనున్న చెన్నూరు మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల వరకు వేరుసెనగను ఎరుగని ఇల్లు లేదు. చెన్నూరిలో ఒకప్పుడు సహకార చక్కెర కర్మాగారము కూడ నడచినది. అది మూతపడి యేండ్లు గడచినవి. ఇట్టి సీమలోని పిల్లలు నేడు తీపి కావలెనన్న వీథి మూలనున్న బంకునకు పరుగెత్తుచున్నారు. అచ్చట రంగుకాగితము చుట్టిన చాక్లెటును కొని, అది యెక్కడనో ఎవరికిని తెలియని మర్మముతో తయారగు వస్తువని తలచుచున్నారు. అందు మర్మమేమియు లేదు.

చాక్లెటు అనగా ఒక గింజ నుండి వచ్చినది. కోకో యను చెట్టున బొప్పాయికంటె చిన్నవైన కాయలు కాండమునకే అంటుకొని కాయును. కాయను కోసినచో తెల్లని తియ్యని గుజ్జులో గింజలు వరుసగా నుండును. వానిని గుజ్జుతోనే కుప్పవోసి, కప్పి, ఐదారు దినములు పులియబెట్టుదురు. పిదప ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూరుదురు. గింజ బరువులో సగమునకు మించి కొవ్వే గనుక నూరిన కొలది అది చిక్కని ముద్దయగును. 1828లో హాలండు దేశమున వాన్ హౌటెన్ యను నతడు ఆ ముద్దను పిండి కొవ్వును వేరుచేయు యంత్రమునకు హక్కు పొందెను. పిండగా వచ్చినది కోకో వెన్న, మిగిలిన పిప్పిని దంచినది కోకో పొడి. 1847లో ఇంగ్లండునందలి బ్రిస్టలు నగరమున ఫ్రై యను వర్తకులు కోకో పొడి, చక్కెర, కోకో వెన్న కలిపి కొరికి తిను చాక్లెటు పలకను చేసిరి. అంతకు పూర్వము చాక్లెటు ప్రధానముగా త్రాగు పదార్థమే.

నూనెగింజను వేయించి, దంచి, తీపి కలిపి గట్టిపరచుటయే కదా యిది! మన అవ్వలు నువ్వులను బెల్లముతో దంచి ఉండలు కట్టుట ఇదే పద్ధతి. పోలిక అంతటితో ఆగదు. కోకోయు వేరుసెనగయు రెండును అమెరికా ఖండము నుండి సముద్రము దాటి వచ్చినవే. వేరుసెనగ మన మెట్టపొలములకు ఇంటిబిడ్డ యైనది. కోకోను గోదావరి సీమలో, ముఖ్యముగా నేటి ఏలూరు జిల్లా కొబ్బరితోటల నీడలో, అంతర పంటగా పెంచుచున్నారు. ఈ పంటలో ఆంధ్రప్రదేశము దేశమునందు ముందున్నది. కాబట్టి ఈ మిఠాయిలో పరాయి వస్తువు అంటూ ఏదియు లేదు.

ఇక గింజలను ఎంచుటను గూర్చి చెప్పవలెను. నా ప్రసంగమున ముఖ్యభాగ మిదియే. ఒక రైతు ఇంట నేను చూచినది చెప్పెదను. నిండుకాయలు సంచులకెక్కి అంగడికి పోయినవి. వాని తరువాతి మేలైనవి విత్తనమునకు దాచబడినవి. ముడుతలు పడి, రంగు మారి, అక్కడక్కడ బూజు తగిలిన గింజలను ఒక డబ్బాలో పోసి, ఇవి పిల్లలకు ఉండలు కట్టుటకు పనికివచ్చునని ఆ యింటి పెద్ద ప్రక్కన పెట్టెను. ఆయన పిల్లలయందు ప్రేమ లేనివాడు కాడు. కష్టపడి పండించినది పారవేయరాదను మితవ్యయబుద్ధియే అట్లు చేయించినది. అట్టి ఇండ్లు మన సీమలో అనేకములు గలవు.

అయితే ఆ బూజు సామాన్యమైనది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చెను. విచారింపగా, బ్రెజిలు నుండి వచ్చిన వేరుసెనగ పిండి వాని మేతలో కలిసినదనియు, ఆ పిండిలో ఒక బూజు పుట్టించిన విషము గలదనియు తేలినది. ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్; దాని విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కొంచెము కొంచెముగా చిరకాలము కడుపులోనికి పోయినచో కాలేయమును చెరచును. కాలేయమునందు క్యాన్సరు పుట్టించును. వేయించినంత మాత్రమున అది పూర్తిగా నశింపదు. బెల్లము తీపి బూజు గింజ చేదును కప్పివేయును గాని విషపు కీడును తీయదు.

ఆ బూజు మూడు విధములుగా చేరును. మొదటిది, గింజ ముదురు వేళ వానలు మొగము చాటుచేసి నేల వేడెక్కినప్పుడు కాయ నేలలో నుండగనే అంటుకొనును; కరవునకు అలవాటుపడిన మన సీమకు ఈ భయము ఎక్కువ. రెండవది, పెరికిన కాయ చక్కగా ఎండకముందే కుప్పవేయుట. మూడవది, సులువుగా ఒలుచుటకై ఎండిన కాయలపై నీళ్లు చల్లుట. ఈ మూడవది పూర్తిగా మన చేతిలోని పని. ఇంటి వాడుకకు ఉంచుకొను కాయలపై నీళ్లు చల్లరాదు, పొడిగానే ఒలువవలెను.

ఒలిచిన పిదప చేటలో పోసి, పగటి వెలుతురున కూర్చుండి ఏరవలెను. ముడుతపడినవి, నల్లబారినవి, పచ్చని లేక బూడిదరంగు బూజు కలవి, పురుగు తొలిచినవి, పగిలి రంగు మారినవి తీసివేయవలెను. విషమునందు అధికభాగము ఇట్టి గింజలలోనే యుండును గనుక ఈ ఏరుట వలన మేలు చాల గలదు. తినునప్పుడు గింజ చేదుగా తగిలినచో మ్రింగక ఉమిసి నోరు పుక్కిలింపవలెను. ఏరి తీసిన గింజలను గేదెకు పెట్టుదమని కొందరు తలతురు. అట్లు చేయరాదు. పాడియావు తినిన ఆ విషము కొంత పాలలోనికి దిగును. ఆ పాలు తిరిగి పిల్లలకే వచ్చును. గానుగకును పంపరాదు. గోతిలో పూడ్చివేయుటయే మేలు.

ఇట్లు ఏరిన మంచి గింజలను ఇనుప మూకుడులో సన్నని మంటపై, విడువక కలుపుచు వేయింపవలెను. పొట్టు చేతితో నలుపగనే రాలి, లోపలి పప్పు లేత గోధుమరంగునకు వచ్చినప్పుడు దింపవలెను. మాడినచో ఎంత తీపి వేసినను చేదు పోదు. దింపిన గింజలను పరచి పూర్తిగా చల్లార్చి, నలిపి, చేటతో పొట్టు చెరుగవలెను.

మొదటి విధానము వేసవికిని పనికివచ్చునది. పావుకిలో వేయించిన పప్పునకు నూటయేబది గ్రాముల బెల్లము, రెండు పెద్ద చెంచాల కోకో పొడి, చిటికెడు ఉప్పు చాలును. పాలలో కలుపుకొను మాల్టు పొడులు వేరు, కోకో పొడి వేరు. తీపి లేక చేదుగా నుండునదే కోకో పొడి. బెల్లము మరీ పచ్చగా మెరయుచున్నచో రంగుకొరకు హైడ్రాసు వేసినది కావచ్చును గనుక ముదురు రంగు బెల్లమే తీసికొనుడు. పప్పును రోటిలో బరకగా దంచి, తరిగిన బెల్లమును, కోకో పొడిని, ఉప్పును వేసి తిరిగి దంచవలెను. వేరుసెనగ బరువులో ఇంచుమించు సగము నూనెయే గనుక దంచిన కొలది నూనె వెలువడి ముద్ద తానుగా కట్టును. కట్టనిచో ఒక చెంచా నెయ్యి వేయవచ్చును గాని నీరు చిలుకరింపరాదు. నీరు తగిలిన ఉండ త్వరగా చెడును. ఉసిరికాయంత ఉండలు ఇరువది వరకు వచ్చును. తడి లేని డబ్బాలో పది దినములు నిలుచును.

రెండవ విధానము చాక్లెటు పలకతో చేయునది. మూడువందల గ్రాముల చాక్లెటునకు అంతే బరువు వేయించిన పప్పు కావలెను. ఒక పాత్రలో నీరు కాచి, మంట ఆర్పి, దానిపై మరియొక పొడిపాత్రను, అడుగు నీటికి తగులకుండ అమర్చవలెను. చాక్లెటును సన్నగా తరిగి, రెండు వంతులు మాత్రము పై పాత్రలో వేసి మెల్లగా కరిగింపవలెను. నేరుగా మంటపై పెట్టినచో అడుగంటును. కరుగుచున్న చాక్లెటులో నీటిచుక్కగాని ఆవిరిగాని పడెనా, చక్కెర తడిసి ఒకదానికొకటి అంటుకొని ముద్ద బిరుసెక్కి ఇసుకవలె నగును. కావున గరిటె, చేయి, పాత్ర అన్నియు పొడిగా నుండవలెను.

కరిగిన పిదప పాత్రను దింపి తుడిచి, మిగిల్చిన మూడవ వంతును అందు వేసి కలుపుచుండవలెను. పెదవికి కొంచెము తగిలించి చూచిన చల్లగా తోచునంతవరకు ఆరనీయవలెను. ఈ ఓపిక ఎందుకనగా, కోకో వెన్న గట్టిపడుటలో పలు రీతులు గలవు. కరగకుండ మిగిల్చిన ముక్కలు మంచి రీతికి విత్తనముగా పనిచేయును. అప్పుడే మిఠాయి నిగనిగలాడి, విరిచిన టక్కుమని విరుగును. లేనిచో రెండు దినములలో పైన తెల్లని మచ్చలు తేలును. అవి బూజు కావు, పైకి వచ్చిన కొవ్వు మాత్రమే. తినుటకు దోషము లేదు.

అప్పుడు చల్లారిన పప్పును అందు పోసి కలిపి, నేయి రాసిన పళ్లెమున చెంచాతో చిన్న చిన్న కుప్పలుగా వేసి, కదలింపక ఆరనీయవలెను. మార్గశిర పుష్యమాసములలో రాత్రి చల్లదనమునకే గంటలోపల గట్టిపడును. వేసవిలో ఈ పని పెట్టుకొనరాదు. కోకో వెన్న 34 డిగ్రీల వేడికే కరగును. మన కడప సీమలో వేసవియెండ 40 డిగ్రీలు దాటును. ఇక చాక్లెటు నిలుచుట యెట్లు? శీతల పెట్టె యున్నవారు మూత బిగించిన డబ్బాలో నుంచి చేయవచ్చును. ఎండలోను కరగని చాక్లెటు అంగడిలో దొరకుచున్నదే యని అందురేమో. దాని కాగితముపై చదివి చూడుడు. కోకో వెన్నకు బదులుగా తాళనూనె మొదలగు కొవ్వుల పేర్లు ఉండును. చవకయే గాని అది అసలు చాక్లెటు కాదు.

పిల్లలకు పెట్టుటలో రెండు జాగ్రత్తలు చెప్పవలసి యున్నవి. ఐదేండ్లు నిండని బిడ్డకు గింజలు గింజలుగా ఇయ్యరాదు. గొంతులో అడ్డుపడి ఊపిరి ఆగిన సందర్భములు గలవు. వారికి మెత్తగా దంచిన ఉండను కొంచెము కొంచెముగా, కూర్చుండబెట్టి తినిపింపవలెను. కొందరికి వేరుసెనగ సరిపడదు. తినగనే దద్దురు, పెదవుల వాపు, ఆయాసము కలిగినచో ఆలస్యము చేయక వైద్యుని కడకు తీసికొని పోవలెను. ఇక చక్కెరవ్యాధి గల పెద్దలు బెల్లము గదా యని మోసపోరాదు. బెల్లమును చక్కెర కోవకు చెందినదే.

పెద్దలారా, చాక్లెటు కొనుటకు పైకము కావలెను గాని, మంచి గింజ ఎంచుటకు కావలసినది కన్ను మాత్రమే. రాబోవు పంట ఇల్లు చేరిన దినమున, సంచులు కుట్టకముందే, నిండుగింజలు ఒక చేటెడు పిల్లలకని తీసి ప్రక్కన పెట్టుడు. అంగడిలో ఆ చేటెడు తెచ్చు వెల స్వల్పము. మిగిలిన మాలిన్యము పిల్లల పాలు, మేలైనది పరుల పాలు అను వాడుక మీ ఇంట ఆనాటితో అంతమగును గాక.