ఒక్కరికి ఒక్క కప్పు

*క్యాప్సూల్ కాఫీ మిషన్లు మన వంటగట్టు ఎక్కుతున్నాయి. కొనే ముందు ఏం చూసుకోవాలి? కొన్నాక ఎలా వాడుకోవాలి?*

విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కావాళ్ల ఇల్లు. రెండేళ్ల కిందట సంక్రాంతికి డాలస్ నుంచి దిగిన మేనల్లుడు సూట్‌కేసు తెరిచి, బట్టల మధ్య భద్రంగా చుట్టి తెచ్చిన నల్లటి కాఫీ మిషన్ ఒకటి బయటికి తీశాడు. దాంతోపాటు రెండు పెట్టెల నిండా బుల్లి బుల్లి దొప్పలు.

అక్క ఒక దొప్ప తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీటినేమంటార్రా?"

"పాడ్ అంటారమ్మా. క్యాప్సూల్ అని కూడా అంటారు."

"బీపీకొకటి, షుగరుకొకటి ఇప్పటికే మింగుతున్నారు మీ నాన్న. ఇక కాఫీ కూడా గొట్టం మాత్రేనా?"

బావ ఇదేమీ వినే స్థితిలో లేరు. అమెరికా ప్లగ్గు మన సాకెట్‌లో దూరకపోతే వీధి చివరి షాపుకెళ్లి కన్వర్టర్ పిన్ను తెచ్చారు. తగిలించి స్విచ్చి వేశారు. టప్పుమని చిన్న చప్పుడు, వెనకే కాలిన ప్లాస్టిక్ వాసన. మిషన్ పని సరి. పిన్ను ప్లగ్గు ఆకారాన్ని మార్చిందే తప్ప కరెంటును మార్చలేదు. 120 వోల్టులకు పుట్టిన మిషన్‌కు మేం 230 వోల్టులు పట్టించాం. అక్క ఒక్క మాట అనకుండా లేచి ఇత్తడి ఫిల్టర్‌లో వేడినీళ్లు పోసింది.

బావ మాత్రం పట్టు వదల్లేదు. "ఇక్కడే మంచిది ఒకటి చూడవయ్యా" అని ఆ పని నాకు పురమాయించారు. అలా నెలరోజులు షాపులు తిరిగి, డబ్బాల మీది అక్షరాలు చదివి, రకరకాల కప్పులు తాగి తెలుసుకున్న సంగతులే ఈ కథనం.

రోమ్‌లో ఒక కౌంటర్ దగ్గర

1975లో ఎరిక్ ఫావ్ర్ అనే స్విస్ ఇంజినీరు రోమ్ వెళ్లాడు. ఆయన ఉద్యోగం నెస్లేలో. భార్య ఇటలీ మనిషి. స్విస్ వాళ్లకు కాఫీ రుచి తెలియదని ఆమె ఆటపట్టించేదట. రోమ్‌లోని సాంత్ యుస్తాకియో అనే కాఫీ హోటల్ ముందు మాత్రం ఎప్పుడూ గుంపు ఉంటుంది. యంత్రం అన్ని హోటళ్లలోదే, మరి ఇక్కడ రుచి ఎందుకు వేరు? కౌంటర్ వెనక మనిషి మీటను ఒకసారి లాగి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. ఆ ఒత్తిడికి నీళ్లతోపాటు గాలి కూడా పొడిలోకి చొరబడి, పైన నురగ చిక్కగా కడుతోంది. ఆ చేతివాటాన్ని ఒక చిన్న మూసిన గిన్నెలో పెట్టగలనా అని ఫావ్ర్ ఆలోచించాడు. 1976లో పేటెంటు పడింది. నెస్ప్రెసో పేరుతో సరుకు బయటికి రావడానికి మరో పదేళ్లు, అంటే 1986 దాకా పట్టింది.

అమెరికా కథ వేరు. జాన్ సిల్వన్, పీటర్ డ్రాగోన్ అనే ఇద్దరు స్నేహితులు 1992లో క్యూరిగ్ కంపెనీ పెట్టారు. ఆఫీసు ఫ్లాస్కులో గంటల తరబడి నిలిచి చేదెక్కిన కాఫీకి విరుగుడు వెతకడం వాళ్ల పని. నమూనా మిషన్ల పరీక్ష కోసం సిల్వన్ రోజుకు 30, 40 కప్పులు తాగి చివరికి ఆస్పత్రిలో తేలాడు. 1998లో మొదటి మిషన్ ఆఫీసుల్లోకి వెళ్లేనాటికి ఆయన తన వాటాను 50 వేల డాలర్లకు అమ్ముకుని బయటపడ్డాడు. ఆ తర్వాత అది వందల కోట్ల డాలర్ల వ్యాపారమైంది. 2015లో ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ, తన ఇంట్లో ఆ మిషన్ లేదనీ, అది ఖర్చెక్కువ వ్యవహారమనీ, ఎందుకు కనిపెట్టానా అని ఒక్కోసారి బాధేస్తుందనీ ఒప్పుకున్నాడు. కొనబోయేవాళ్లు ఈ మాట చెవిన వేసుకోవాలి.

మీట దించితే ఏమవుతుంది?

నెస్ప్రెసో తరహా అల్యూమినియం క్యాప్సూల్‌లో అయిదారు గ్రాముల పొడి ఉంటుంది. మీట దించగానే మూడు సూదులు దాని వీపున దిగుతాయి. ఆ కన్నాల్లోంచి వేడినీళ్లు బలంగా లోపలికి తోసుకొస్తాయి. ముందు వైపున్న పల్చటి రేకు ఉబ్బి, ఎదురుగా ఉన్న బుడిపెల పలకకు ఒత్తుకుని, చిన్న చిన్న చిరుగులు పడుతుంది. ఆ చిరుగుల్లోంచి కాఫీ సన్నటి ధారగా దిగుతుంది. స్విచ్చి వేసినప్పటి నుంచి కప్పు నిండేదాకా మొత్తం నిమిషం, నిమిషంన్నర.

క్యూరిగ్ దొప్ప లోపల చిన్న కాగితపు ఫిల్టర్ ఉంటుంది. పైన ఒక సూది, కింద ఒక సూది దిగుతాయి. ఒత్తిడి పెద్దగా ఉండదు. పెద్ద కప్పు నిండా పల్చటి కాఫీ వస్తుంది. పాలు పోస్తే మన నాలుకకు అది నీళ్లకాఫీయే. 2014లో నెస్ప్రెసో తెచ్చిన వెర్టువో మరో రకం. అందులో క్యాప్సూల్ నిమిషానికి 7,000 చుట్ల దాకా గిర్రున తిరుగుతుంది. అంచున ఉన్న బార్‌కోడ్ చదివి, ఎన్ని నీళ్లు పోయాలో మిషనే లెక్క వేసుకుంటుంది.

మిషన్ ఒక్కసారి, క్యాప్సూల్ రోజూ

షాపువాడు మిషన్ ధర చెబుతాడు. మీరు క్యాప్సూల్ ధర అడగండి. ఒక్కోటి 50 రూపాయలు అనుకుందాం. అందులో ఉన్న అయిదున్నర గ్రాముల లెక్కన చూస్తే కాఫీ పొడి కిలో తొమ్మిది వేల రూపాయలు పైబడుతుంది. కిలో 800 పెట్టి కొన్న ఫిల్టర్ పొడి కప్పుకు పది గ్రాములు వేసినా ఎనిమిది రూపాయలు. రోజుకు రెండు కప్పుల చొప్పున క్యాప్సూల్ ఖర్చు నెలకు మూడు వేలు, ఫిల్టర్ ఖర్చు 480. పాలూ పంచదారా రెండింటికీ ఉన్నవే.

రెండోది, ఆ క్యాప్సూల్ ఎవరెవరు అమ్ముతున్నారన్నది. పాత నెస్ప్రెసో నమూనా మీది ముఖ్యమైన పేటెంట్లు 2012 ప్రాంతంలో ముగిశాయి. అప్పటి నుంచి ఆ కొలతకు సరిపోయే క్యాప్సూళ్లు ఎందరో చేస్తున్నారు, మన దేశంలోనూ తయారీదారులున్నారు. నెస్ప్రెసో తానుగా 2024 చివర్లో భారత్‌కు వచ్చింది. కాబట్టి ఈ కొలత మిషన్ తీసుకుంటే ఒక కంపెనీ కాకపోతే మరొకటి దొరుకుతుంది. బార్‌కోడ్ రకానికి ఆ వెసులుబాటు చాలా తక్కువ. అమెరికా దొప్పలు ఇక్కడ దొరకడమే కష్టం, దొరికినా దిగుమతి ధర. చుట్టాలు వచ్చినప్పుడల్లా తెచ్చే సరుకు మీద ఆధారపడి రోజూ కాఫీ తాగలేం.

గట్టు మీద జాగా

చిన్న మిషన్లకు మంచి ఉదాహరణ నెస్ప్రెసో వారి ఎసెంజా మినీ. వెడల్పు 8.4 సెంటీమీటర్లు, ఎత్తు 20.4, బరువు 2.3 కిలోలు, నీళ్ల తొట్టి 0.6 లీటరు. ముందునుంచి చూస్తే సన్నగా ఉంటుంది. కానీ వెనక్కి 33 సెంటీమీటర్లు పోతుంది. మన వంటగట్లు చాలావాటికి వెనక మిక్సీ, ఉప్పు డబ్బా, పోపుల పెట్టె ముందే కాపురం ఉంటాయి. అందుకని వెడల్పు కంటే లోతు కొలవండి. మీట పైకి లేస్తుంది గనుక పైన అలమరా ఉంటే ఎత్తు కూడా చూసుకోండి. మీరు రోజూ తాగే గ్లాసును షాపుకు తీసుకెళ్లి ధార కింద పెట్టి చూడటానికి మొహమాటపడొద్దు.

డబ్బా మీద "19 బార్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. ఎస్ప్రెసోకు కావలసిన ఒత్తిడి తొమ్మిది బార్లు. 19కీ 20కీ తేడా కట్టి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుకు మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న మిషన్ కొనుక్కోవడం మేలు.

కరెంటు సంగతి. ఇవి 1,200 నుంచి 1,500 వాట్లు లాగుతాయి. కప్పు కాసేపట్లో అయిపోతుంది కనుక బిల్లు భయం లేదు. కాకపోతే ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న ఇంటి ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. కరెంటు పోయిన పూట ఇత్తడి ఫిల్టరే గతి. అమెరికా మిషన్ తెచ్చుకోవాలని ఇంకా మనసులో ఉంటే, దానికి తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ కంటే బరువుండవచ్చని గుర్తుంచుకోండి.

మన కాఫీ కావాలంటే

ఇంటికి కొత్త మిషన్ వచ్చిన మొదటి రోజు బావ పెద్ద కప్పు బొమ్మ ఉన్న బటన్ నొక్కారు. అది లుంగో, 110 మిల్లీలీటర్లు. అందులో పాలు పోస్తే మట్టినీళ్ల రంగు వచ్చింది. ఒక గుక్క తాగి "ఇది కాఫీ కడిగిన నీళ్లు" అని తేల్చేశారు.

తప్పు బటన్‌ది. అవే అయిదు గ్రాముల పొడిలోంచి ఎన్ని నీళ్లు పోతే అంత పల్చన, చివరికి చేదు. మనకు కావలసింది మొదటి డికాషన్ లాంటి చిక్కటి ధార. ఎస్ప్రెసో కొలత 40 మిల్లీలీటర్లు, రిస్ట్రెటో 25. చాలా మిషన్లలో బటన్‌ను నొక్కి పట్టుకుని, కావలసినంత దిగాక వదిలితే ఆ కొలత గుర్తుంచుకుంటుంది. మేం 30 దగ్గర పెట్టాం. ముదురు వేపుడు క్యాప్సూల్ ఒకటి, దానికి పొంగు వచ్చిన చిక్కటి పాలు 70, 80 మిల్లీలీటర్లు. ముందుగా క్యాప్సూల్ లేకుండా ఒకసారి వేడినీళ్లు గ్లాసులోకి వదిలి పారబోయాలి. గ్లాసూ వేడెక్కుతుంది, గొట్టమూ శుభ్రపడుతుంది.

ఇంత చేసినా ఒక వెలితి ఉంటుంది. అది చికోరీ. ఈ క్యాప్సూళ్లలో ఉండేది చాలావరకు శుద్ధమైన కాఫీయే. చికోరీ ఇచ్చే ఆ నల్లటి చిక్కదనం, గొంతులో నిలిచే తీపిచేదు రాదు. స్టీలు క్యాప్సూళ్లు దొరుకుతాయి, మన పొడి మనమే నింపుకోవచ్చు. మేం ముందు ఇంట్లో ఉన్న చికోరీ పొడే కూరాం. తడిసి బంకలా పట్టుకుపోయింది, చుక్కలు చుక్కలుగా కారి ఆగిపోయింది. తర్వాత అరకు అరాబికా గింజలు, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు, చికోరీ లేకుండా కాస్త సన్నంగా ఆడించి అంచుకు కొద్దిగా తక్కువగా నింపితే చక్కగా దిగింది. ఖర్చు తగ్గింది. కాకపోతే ప్రతిసారీ నింపడం, కడగడం. ఏ సుఖం కోసం మిషన్ కొన్నామో ఆ సుఖంలో సగం పోయింది.

నీళ్ల తొట్టిలో పాలు మాత్రం ఎప్పుడూ పోయకండి. అడుగంటిన పాలగిన్నెను పీచుతో తోముతాం, మిషన్ గొట్టాన్ని దేంతో తోముతాం?

నీళ్ల ఉప్పు, తట్టలో బూజు

ఈ మిషన్లను ఎక్కువగా చంపేది కరెంటు కాదు, నీళ్లు. బోరు నీళ్లతో గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చే ఇక్కడా పడుతుంది. గొట్టం సన్నది గనుక త్వరగా మూసుకుపోతుంది. ధార సన్నబడిందన్నా, పంపు మోత పెరిగిందన్నా అదే సంకేతం. వడకట్టిన తాగే నీళ్లే వాడాలి. కంపెనీ చెప్పిన గడువుకు ఆ పని కోసమే అమ్మే ద్రవంతో లోపల కడగాలి. ఇంట్లో ఉంది కదా అని వెనిగర్ పోయొద్దు. సీళ్లు పాడవుతాయని కంపెనీలే హెచ్చరిస్తాయి.

వాడిన క్యాప్సూల్‌ను లోపల వదిలేయకుండా వెంటనే మీట ఎత్తాలి. అవి పడే పెట్టె, కింద నీళ్లు కారే తట్ట రోజూ ఖాళీ చేయాలి. మన తేమకు తడి కాఫీపిప్పి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఊరెళ్లేటప్పుడు తొట్టి ఒంపేసి వెళ్లాలి.

ఇక చెత్త. అయిదారు గ్రాముల పొడి కోసం దాదాపు గ్రాము అల్యూమినియం పారేస్తాం. 2016లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తన ప్రభుత్వ కార్యాలయాల్లో ఇలాంటి క్యాప్సూళ్ల కొనుగోలు మానేసింది. అల్యూమినియం మళ్లీ కరిగించుకోదగ్గ లోహమే, కానీ పిప్పితో కలిపి తడిచెత్తలో వేస్తే ఎవరూ ఏరరు. మా అక్క పద్ధతి సులువు. రేకు కోసి పిప్పి చెంచాతో తీసి కరివేపాకు కుండీలో వేస్తుంది. ఖాళీ గుల్లలు కడిగి, ఆరబెట్టి, ఒక డబ్బాలో పోగేసి పొడిచెత్తలో ఇస్తుంది. గుల్లకు అర నిమిషం పని. ఆ అర నిమిషం కూడా మిషన్ ధరలో కలుపుకోవాలి.

నాలుగు గంటల కప్పు

ఇంత చెప్పాక, కొనమంటారా వద్దంటారా అని అడుగుతారు. నేనడిగేది ఒక్కటే: రోజులో మీరు ఒంటరిగా తాగే కప్పులెన్ని?

మన ఇళ్లలో కాఫీ ఇంటి మొత్తానికి ఒకేసారి దిగేది. పొద్దున్నే ఫిల్టర్ నిండితే అందరి గ్లాసులూ నిండేవి. ఈ మిషన్ ఒక మనిషికి ఒక కప్పు ఇస్తుంది. ఆరుగురు చుట్టాలు వస్తే ఆరుసార్లు మీట ఎత్తాలి, దించాలి. ఆరో కప్పు దిగేసరికి మొదటిది చల్లారి ఉంటుంది. రాత్రి షిఫ్టుకు కూర్చునేవాళ్లకూ, గదిలో ఒక్కరే ఉండే ఉద్యోగికీ, తెల్లవారుజామున చదువుకునేవాళ్లకూ ఇది పనికొచ్చే వస్తువు. నలుగురు కలిసి తాగే ఇంటికి ఖరీదైన బొమ్మ.

మా బావకు మెలకువ నాలుగింటికి వస్తుంది. నలభై ఏళ్లుగా అక్క కూడా నాలుగింటికే లేచేది, ఆయన కాఫీ కోసం. ఆయన పొయ్యి వెలిగించడం నేనెప్పుడూ చూడలేదు. మొన్న వాళ్లింట్లో పడుకున్న రోజు, తెల్లవారకముందే వంటింట్లో పంపు గుర్రుమంది. వెళ్లి చూశాను. బావ పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో పట్టకారు, మరో చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గిస్తూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టారు.

"మెల్లగా మాట్లాడవయ్యా. మీ అక్క పడుకుంది."

ఆరున్నరకు అక్క ఫిల్టర్ డికాషన్ తీసింది. బావ అదీ తాగారు. "అసలు కాఫీ ఇదే" అన్నారు. అక్క నా వైపు చూసి, "రోజూ ఇదే మాట. నేను మాత్రం ఆరింటిదాకా నిద్రపోతున్నాను" అంది.