కాలు దించితే ఒక మార్కు

రాయి తవ్వి వదిలేసిన క్వారీలో నలుగురు కుర్రాళ్లు బైకులు తోలుతున్నారని వింటే మన మనసు ముందుగా కీడే శంకిస్తుంది. దుమ్ము, రొద, ఎవరు ముందన్న పంతం, చివరికి ఆసుపత్రి. నిజానికి మనల్ని భయపెడుతున్నది వేగం. ఆటలోంచి వేగాన్ని తీసేస్తే అదే బైకు, అదే క్వారీ, అదే స్నేహితుల గుంపు పూర్తిగా వేరే తీరున నడుచుకుంటాయని నా వాదన. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల పాత రాతి క్వారీల్లో ఆదివారాలు జరిగే ట్రయల్స్ పోటీలే దీనికి ఎప్పటినుంచో రుజువు.

ట్రయల్స్‌లో ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. క్వారీలోని రాళ్ల గుట్టలు, వాలు నేలలు, బురద మడుగులు చూసుకుని అక్కడక్కడా చిన్న దారులు గుర్తిస్తారు. వీటిని సెక్షన్లంటారు. రైడర్లు ఒకరి తర్వాత ఒకరు ఒక్కో సెక్షన్ దాటాలి. కాలు నేలకు ఆనకుండా దాటితే సున్నా. ఒకసారి ఆనితే 1, రెండుసార్లు ఆనితే 2, అంతకుమించి ఎన్నిసార్లు ఆనినా 3. పడిపోయినా, హద్దు దాటినా 5. చివరికి ఎవరి లెక్క తక్కువైతే వాళ్లదే గెలుపు. లైసెన్సు కోసం ఆర్టీవో మైదానంలో ఎనిమిది వేసినవాళ్లందరికీ ఈ నియమం లోపలి కష్టం తెలుసు. బండి ఎంత నెమ్మదిగా పోతే దాన్ని నిలబెట్టడం అంత కష్టం. ఆ పరీక్షనే తడిసిన బండల మీద, మెట్లుగా తవ్విన రాతి గోడల మీద పెడితే ట్రయల్స్ అవుతుంది.

ఈ ఒక్క నియమం ఎంత బలమైనదో దీని చరిత్ర చెబుతుంది. తొలినాళ్లలో ట్రయల్స్ అంటే బండికి పెట్టిన పరీక్ష. 1909లో మొదలైన స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ లాంటివి ఫలానా కంపెనీ బండి కొండ ఎక్కగలదా, ఆరు రోజులు చెడకుండా నడుస్తుందా అని తేల్చేవి. బళ్లు బాగుపడేకొద్దీ దారులు కఠినమయ్యాయి, పరీక్ష తోలేవాడి మీదికి మారింది. 1914లో యార్క్‌షైర్‌లో మొదలైన స్కాట్ ట్రయల్‌లో కాలి మార్కులూ ఉండేవి, గడియారమూ ఉండేది. పదేళ్ల తర్వాత, 1924లో, సర్రేలోని క్యాంబర్లీ దగ్గర కొందరు అలాంటి పోటీయే పెట్టి, కాలి మార్కులు తీసేసి వేగం ఒక్కటే లెక్కపెట్టారు. దానికి స్క్రాంబుల్ అని పేరు పెట్టారు. ఇవాళ గాల్లోకి ఎగిరే బైకులతో టీవీలో కనిపించే మోటోక్రాస్ అక్కడే పుట్టింది. మనుషులు, బళ్లు, నేల అన్నీ ఒకటే. లెక్కపెట్టే పద్ధతి మారేసరికి ఒక ఆట రెండు ఆటలైంది.

బండి రూపాన్ని కూడా ఆ లెక్కే మార్చింది. 1960ల మొదట్లో ట్రయల్స్ రైడర్ సామీ మిల్లర్ గెలుపులు సాధించిన ఏరియల్ 500 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. ఆ తర్వాత ఆయన స్పెయిన్ కంపెనీ బుల్టాకోకు వెళ్లి, షెర్పా అనే తేలికపాటి టూ స్ట్రోక్ బండికి రూపమిచ్చి, 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచారు. పెద్ద ఇంజన్ల కాలం దాంతో ముగిసినట్టే అయింది. ఇప్పటి ట్రయల్స్ బండి సుమారు 70 కిలోలుంటుంది, మన స్ప్లెండర్ 112. ట్రయల్స్ బండికి సీటు ఉండదు, ఎందుకంటే తోలేవాడు ఎప్పుడూ నిలబడే ఉంటాడు. ట్యాంకులో రెండు మూడు లీటర్లకు మించి పెట్రోలు పట్టదు. మనం వెనక టైరులో 30 పీఎస్‌ఐ దాకా గాలి కొట్టిస్తాం, వీళ్లు అయిదు లోపే ఉంచుతారు. అప్పుడు టైరు రాతి మీద మెత్తగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. తోలేవాడి మణికట్టుకు కట్టిన తాడు ఊడిందంటే ఇంజన్ ఆగిపోతుంది. రోడ్డు మీద దూసుకుపోవడానికి ఏ రకంగానూ పనికిరాని బండి ఇది.

ఇక స్నేహితుల సంగతి. నా వాదనలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. గడియారంతో నడిచే పోటీలో పక్కవాడు నీకు అడ్డు. ట్రయల్స్‌లో నీ వంతు వచ్చేదాకా నువ్వు చూస్తూ నిలబడాలి. బండెక్కే ముందు అందరూ కాలినడకన సెక్షన్ అంతా తిరుగుతారు. ముందు చక్రం ఏ రాతి మీద ఆనాలి, క్లచ్ ఎక్కడ వదలాలి అని చర్చించుకుంటారు. ముందు వెళ్లినవాడు పడితే అతని తప్పు వెనకవాళ్లకు పాఠమవుతుంది. మార్కులు వేసేది క్లబ్బు సభ్యుడో, ఎవరి నాన్నో, రైడింగ్ మానేసిన పెద్దాయనో. వాళ్లు జీతం తీసుకోకుండా రోజంతా ఎండావానల్లో నిలబడతారు. ఒకే సెక్షన్‌లో తేలిక దారి ఒకటి, కష్టమైన దారి ఒకటి వేరే రంగు గుర్తులతో పెడతారు కాబట్టి పదేళ్ల పిల్ల, ఆమె తాతగారు ఒకే ఉదయం ఒకే క్వారీలో పోటీ పడగలరు. బలం కంటే సమతూకం ముఖ్యమైన ఈ ఆటలో స్పెయిన్‌కు చెందిన లాయా సాంజ్ మహిళల ప్రపంచ టైటిల్ పదిసార్లకు పైగా గెలిచింది.

వేగం లేకపోతే కుర్రాళ్లెవరు వస్తారని అడగొచ్చు. వస్తున్నారు. స్పెయిన్‌కే చెందిన టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఏటా ఔట్‌డోర్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. తన ఎత్తుకు మించిన బండ మీదికి దాదాపు నిలుచున్న చోటునుంచే బండిని ఎగరేయగల మనిషి అతను. అది చూసిన పిల్లవాడికి వేగం చప్పగా అనిపించినా ఆశ్చర్యం లేదు. దీనికి ఎదురుగా ఆస్ట్రియాలోని ఎర్జ్‌బెర్గ్ ఇనుప గనిని పెట్టి చూడండి. 1995 నుంచి అక్కడ జరుగుతున్న పోటీ కూడా రాతి మెట్ల మీదే, కానీ నాలుగు గంటల గడువుతో. ప్రధాన పోటీలో 500 మంది బయలుదేరితే చివరిదాకా చేరేది కొద్దిమందే. అదీ గొప్ప సాహసమే, కాదనను. కానీ అది చూడ్డానికి వెళ్లే పోటీ. స్నేహితులు ఆదివారం కలిసి ఆడుకోగలిగేది ట్రయల్సే.

ప్రమాదం గురించిన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. నడక వేగంలో పడినా మణికట్లు, చీలమండలు విరుగుతాయి. హెల్మెట్, పొడుగు బూట్లు లేకుండా దిగడం మూర్ఖత్వం. అయితే క్వారీలో ప్రాణాలు తీసేది ఎక్కువగా క్వారీయే: నిలువు గోడలు, పైనుంచి జారే రాళ్లు, లోతు తెలియని నీళ్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ క్వారీ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అందుకే పద్ధతిగా నడిచే క్లబ్బులు అంచులకూ నీళ్లకూ దూరంగా సెక్షన్లు పెడతాయి, యజమాని అనుమతి, బీమా లేకుండా బండి స్టార్ట్ చేయనివ్వవు.

ప్రకృతి సంగతి ఇంకా చిక్కైనది. వదిలేసిన క్వారీ ఖాళీ స్థలం కాదు. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగలు క్వారీ గోడల్లో గుడ్లు పెడతాయి. మన దగ్గర రాతి గుట్టల్లో, క్వారీల్లో కొమ్ముల గుడ్లగూబలు పిల్లల్ని పెంచుతాయి. ఈ విషయంలో అభ్యంతరం చెప్పేవాళ్ల పక్షమే నాది. గూడున్న చోటికి ఆ కాలంలో బండి పోకూడదు. ఇంగ్లండ్ చట్టం దీనికి ఒక మధ్యే మార్గం చూపింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఒక స్థలంలో ఏడాదికి కొద్ది రోజులకు మించి మోటారు పోటీలు గానీ సాధన గానీ జరపకూడదు. శాస్త్రపరంగా రక్షిత ప్రదేశాలకు ఆ వెసులుబాటు కూడా లేదు. మిగతా రోజులన్నీ క్వారీ పక్షులదే. రొద సంగతి ఎలక్ట్రిక్ బళ్లు చూసుకుంటున్నాయి. 2017లోనే వాటికి అంతర్జాతీయ పోటీ మొదలైంది. నడక వేగంతో పోయే బండికి పెద్ద బ్యాటరీ అక్కర్లేదు కనుక ఎలక్ట్రిక్ బండి ఈ ఆటకు బాగా కుదిరింది.

రాళ్లకు కొదవ లేని మన నేల మీద ఈ ఆట ఇంకా పెద్దగా కనిపించదు. దేశంలో ఆఫ్‌రోడ్ రైడింగ్ మీద ఆసక్తి మాత్రం పెరిగింది. 2015లో డాకార్ ర్యాలీలో పాల్గొన్న తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కోలార్ దగ్గర శిక్షణ మైదానం నడిపాడు. ఇక్కడ ఎక్కువగా దొరికే ఆఫ్‌రోడ్ బళ్లు ట్రయల్స్ బండికి రెట్టింపు బరువు, అసలైన ట్రయల్స్ బండి దిగుమతి చేసుకోవాలంటే సామాన్యుడికి అందదు. చీమకుర్తిలో పని నడుస్తున్న గ్రానైట్ క్వారీల్లో పేలుళ్లు, భారీ లారీలు ఉంటాయి. అక్కడ ఆట మాటే ఎత్తకూడదు. కానీ మార్కుల లెక్కకు దిగుమతి సుంకం లేదు. బ్రిటన్‌లో ఈ ఆట మొదలైంది రోడ్డు మీద తిరిగే మామూలు బళ్లతోనే. లీజుదారు ఒప్పుకున్న, నీళ్లూ నిలువు గోడలూ లేని చదును క్వారీ మూల ఒకటి, పాత 100 సీసీ బండి ఒకటి, మలుపుల్లో పెట్టడానికి నాలుగు రాళ్లు, కాలు దించితే నిజాయితీగా లెక్కపెట్టే ఒక స్నేహితుడు ఉంటే మొదలుపెట్టొచ్చు. రాత్రిపూట నగరం రోడ్ల మీద ముందు చక్రం లేపి విన్యాసాలు చేసే కుర్రాళ్లను పోలీసులు పట్టుకోవాల్సిందే, బళ్లు స్వాధీనం చేసుకోవాల్సిందే. ఆ నైపుణ్యం చూపించుకోవడానికి వాళ్లకొక చోటు ఇవ్వడం గురించి కూడా ఊళ్లలోని రైడింగ్ బృందాలు, క్వారీ యజమానులు, జిల్లా అధికారులు ఒకచోట కూర్చుని మాట్లాడాలి.